గది వెతకడానికి ముందు

సంక్రాంతి మూడు రోజులూ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి పీజీ హాస్టళ్లలో మంచాలు ఖాళీగా పడి ఉంటాయి. సోమవారం నుంచి గురువారం దాకా కంపెనీల పనిమీద వచ్చేవాళ్లతో నిండే హైటెక్ సిటీ హోటళ్లు ఆ వారం ధర తగ్గించి పిలుస్తాయి. సరిగ్గా అవే రాత్రుల్లో భీమవరంలో ఒక మాదిరి లాడ్జీ గది దొరకడమే గగనం. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్న పడకల లెక్క ఆ వారంలో మారలేదు. సైబరాబాద్‌లో పడుకునేవాళ్లు లక్షల్లో ఒకేసారి లేచి గోదావరి వైపు వెళ్లారు, అంతే. ఈ సంగతి అందరికీ తెలిసినా, ఏటా డిసెంబర్ చివరి వారంలో ఫోన్లో యాప్ తెరిచి, వడపోతలు మార్చి మార్చి చూసి, 'ఏమీ లేవు' అని విసుక్కునేవాళ్లు తగ్గరు. వాళ్లకు వెతకడం రాక కాదు. పొద్దస్తమానం కంప్యూటర్ ముందుండేవాళ్లకు వెతకడం నేర్పనక్కర్లేదు. ఊరి నడిబొడ్డునే ఉండాలి, పండుగ మూడు రోజులే కావాలి, ఏసీ గదే ఉండాలి, ధర మామూలుగానే ఉండాలి అని అన్నీ పట్టుకుని వెతకడంలోనే చిక్కు ఉంది. వీటిలో ఏది వదులుకోగలరో ముందే తేల్చుకున్నవాళ్లకు బస దొరుకుతుంది, తేల్చుకోనివాళ్లకు మిగిలింది దొరుకుతుంది.

పంట పండుగలు జరిగే చోట గదులు తక్కువగా ఉండటం యాదృచ్ఛికం కాదు. పంట బాగా పండే నేలను ఎవరూ హోటళ్లకు ఇవ్వరు. భీమవరం చుట్టూ ఉన్నది వరిచేలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు. అక్కడి లాడ్జీలు చాలావరకు ఆక్వా వ్యాపారులు, మేత కంపెనీల ప్రతినిధులు, బ్యాంకు పనిమీద వచ్చే ఉద్యోగులు ఒకటి రెండు రాత్రులు ఉండి వెళ్లే లెక్కతో కట్టినవి. భీమవరం పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం అయిందే 2022 ఏప్రిల్‌లో. అమలాపురం కోనసీమ జిల్లా కేంద్రం అయిందీ అప్పుడే. ఏడాదిలో మిగతా రోజులకు సరిపోయే గదులు మూడు రోజుల జనానికి సరిపోవు, ఆ మూడు రోజుల కోసం ఎవరూ కొత్త హోటల్ కట్టరు. ప్రపంచంలో ఎక్కడ చూసినా ఇదే వరస. కాలిఫోర్నియాలోని నాపా లోయలో 1968లోనే సాగుభూమిని కాపాడుతూ వ్యవసాయ రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు. అందువల్ల ద్రాక్షతోటలు నిలిచాయి, హోటళ్లు పరిమితంగానే మిగిలాయి. ద్రాక్ష కోతల కాలంలో అక్కడికి వెళ్లేవాళ్లు చాలామంది వాలేహో, ఫెయిర్‌ఫీల్డ్ లాంటి పక్క ఊళ్లలో బస చేస్తారు. ఫ్రీమాంట్, శాన్ హోజే తెలుగువాళ్లకైతే పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే దూరం కాబట్టి ఆ బాధ లేదు. మన దేశంలో నాసిక్ సంగతీ ఇంతే. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ ద్రాక్ష కోతలు. సూలా వైన్‌యార్డ్స్ 2008లో మొదలుపెట్టిన సూలాఫెస్ట్‌కు ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి కూడా కుర్రాళ్లు వెళ్తారు. తోటలోనే ఉన్న రిసార్టు గదులు కొన్నే. మిగిలినవాళ్లను మోసేది నాసిక్ పట్టణం. పంచవటికి, త్ర్యంబకేశ్వరానికి వచ్చే యాత్రికుల కోసం తరాలుగా పెరిగిన లాడ్జీలు, ధర్మశాలలు అక్కడ ఉన్నాయి. గోదావరి పుట్టిన చోట ద్రాక్ష, సముద్రంలో కలిసే చోట వరి. రెండు చోట్లా అతిథిని ఆదుకునేది తోట కాదు, దాని పక్కనున్న ఊరు.

ఇక్కడ సైబరాబాద్ ఉద్యోగికి సొంత అనుభవమే అడ్డం వస్తుంది. చివరి నిమిషంలో బుక్ చేస్తే ధర తగ్గుతుందని అతను చాలాసార్లు చూశాడు. గచ్చిబౌలి హోటల్ విషయంలో అది నిజమే. ఆ హోటల్‌కు వందల గదులున్నాయి, శనివారం రాత్రి అవి నిండవు, ఖాళీ గది తెల్లారితే దానికి విలువ లేదు కాబట్టి సాయంత్రానికి ధర దిగుతుంది. చిన్న ఊరి లాడ్జీకి పండుగ రోజుల్లో ఆ భయం లేదు. గదులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ, అందులో చాలామంది ఏటా వచ్చేవాళ్లే. కిందటేడు గది ఖాళీ చేస్తూనే వచ్చే ఏటికి చెప్పి వెళ్లేవాళ్లూ ఉంటారు. పైగా ఆ గదుల్లో చాలా వాటిని యాజమాన్యం యాప్‌లో పెట్టనే పెట్టదు. నోటిమాట మీద నిండే గదికి కమీషన్ ఎందుకు ఇవ్వాలి? కాబట్టి యాప్‌లో 'గదులు లేవు' అని కనిపించినప్పుడు ఊళ్లో గదులు లేవని అర్థం కాదు, చివర్లో ఎవరో రద్దు చేసుకుంటారని ఆశపడటానికీ ఆధారం లేదు. మూడు రోజులకూ కలిపి మాత్రమే ఇస్తామని, డబ్బంతా ముందే కట్టాలని షరతు పెట్టే చోట రద్దులు ఎన్ని ఉంటాయి?

అయితే ఏది వదులుకోవాలి? ఊరిని వదులుకోవచ్చు, రోజును వదులుకోవచ్చు, గది తరహాను వదులుకోవచ్చు. ఈ మూడింటిలో ఊరిని వదులుకోవడమే అన్నిటికంటే ఎక్కువమందికి సరిపడే మార్గం. భీమవరంలో సంక్రాంతి అంటే భీమవరం పట్టణంలో ఏదో జరుగుతుందని కాదు. ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసులు, గంగిరెద్దులు, బంధువుల రద్దీ అంతా చుట్టుపక్కల పల్లెల్లోనే. పట్టణంలో గది ఉన్నా పొద్దున లేచి బండెక్కాల్సిందే. అలాంటప్పుడు పాలకొల్లులో పడుకుంటే ఏం, తాడేపల్లిగూడెంలో పడుకుంటే ఏం? భీమవరానికి తాడేపల్లిగూడెం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. కొండాపూర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లివచ్చేవాళ్లకు అదొక దూరం కాదు. పైగా దీనితో ఇంకో లాభం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. భీమవరం ఉన్నది విజయవాడ నుంచి గుడివాడ మీదుగా నిడదవోలుకు చుట్టూ తిరిగి వెళ్లే రైలు మార్గంలో. తాడేపల్లిగూడెం, నిడదవోలు, రాజమండ్రి ఉన్నవి విజయవాడ నుంచి విశాఖపట్నం వెళ్లే ప్రధాన మార్గంలో. లింగంపల్లిలో బయలుదేరే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఆ దారినే కాకినాడ వెళ్తుంది. ప్రధాన మార్గంలో రైళ్లు ఎక్కువ కాబట్టి బస అటు మార్చుకున్నవాళ్లకు టికెట్ దొరికే అవకాశమూ పెరుగుతుంది. కారులో వెళ్లేవాళ్లకు తణుకు జాతీయ రహదారి మీదే ఉంది. ఏలూరు ఇంకాస్త ముందే తగులుతుంది. రాజమండ్రిది వేరే లెక్క. అది పాత వాణిజ్య పట్టణం, పుష్కరాల ఊరు, దగ్గర్లో మధురపూడి విమానాశ్రయం ఉంది. హోటళ్లు అక్కడ ఎక్కువే.

దూరంగా ఉంటే పండుగ సందడి తప్పిపోతుందని, రాత్రిపూట చేల మధ్య దారుల్లో బండి నడపాల్సి వస్తుందని ఒక అభ్యంతరం ఉంది. రెండో సగం నిజమే. డెల్టాలో కాలువ గట్ల మీద రోడ్లు ఇరుకు, పండుగ రాత్రి తాగి నడిపేవాళ్లూ ఎక్కువే. అందుకే దూరంగా బస చేసేవాళ్లు పండుగను పగటికి మార్చుకోవాలి, అంతేగాని గదిని ఊళ్లోకి మార్చుకోనక్కర్లేదు. భోగిమంట ఒక్కటే తెల్లవారుజామున వేస్తారు. అది మీరు బస చేసిన ఊళ్లోనూ ఉంటుంది, హోటల్ బయటకు వచ్చి వీధి చివర చూస్తే చాలు. మొదటి సగం మాత్రం అలవాటుగా అనే మాట. పండుగ మధ్యలో ఉండటానికీ పండుగ మధ్యలో నిద్రపోవడానికీ సంబంధం లేదు. ఇక బసే వద్దు, రాత్రంతా నడిపి వెళ్లి, ఒక పగలు తిరిగి, మళ్లీ రాత్రికి బయలుదేరుదాం అనేవాళ్లూ ఉంటారు. ఆఫీసులో పగలంతా పనిచేసి సాయంత్రం విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర గంటల తరబడి బారులో నిలబడి, ఆ తర్వాత తెల్లవార్లూ స్టీరింగ్ పట్టుకోవడం బస సమస్యకు పరిష్కారం కాదు, ప్రాణంతో బేరం. దానికి ఇంతకుమించి జవాబు చెప్పనక్కర్లేదు.

కోనసీమ వైపు వెళ్లేవాళ్లకు లెక్క కొంచెం మారుతుంది. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో కనుమ రోజున ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద అక్కడికి చేరతారు. గంగలకుర్రు ప్రభలను జనం భుజాల మీద ఎత్తుకుని కౌశిక కాలువ నీళ్లలోంచి దాటించే దృశ్యం కోసమే దూరం నుంచి వచ్చేవాళ్లున్నారు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థాన్నే చూపించింది, ఆ తర్వాత బయటివాళ్లకు ఇంకా తెలిసింది. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. కాబట్టి ఇక్కడ అసలు ప్రశ్న రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది కాదు, కనుమ మధ్యాహ్నానికి తోటకు ఎలా చేరాలన్నది. వచ్చే ప్రభలకు, జనానికి దారి ఇస్తూ బళ్లను చాలా దూరంలోనే ఆపేస్తారు. రాజమండ్రిలోనో, రావులపాలెంలోనో పడుకుని పొద్దున్నే బయలుదేరి, బండి ఆపిన చోటి నుంచి నడవడానికి సిద్ధపడితే అమలాపురంలో గది లేకపోయినా ఏమీ పోదు. గోదారిని చూస్తూ పడుకోవాలనుకునేవాళ్లకు దిండిలో పర్యాటక సంస్థ రిసార్టు, హౌస్‌బోట్లు ఉన్నాయి. కానీ పండుగ రోజుల్లో అవి అందరికీ మొదట గుర్తొచ్చే చోట్లు. అలాంటివాటిని నమ్ముకుని మిగతావి వదిలేయడం తెలివి కాదు.

రోజును వదులుకోవడం గురించి ఎవరూ సరిగా ఆలోచించరు, బహుశా పండుగ అంటే తేదీయే కదా అన్న భావం వల్ల. కానీ మీరు వెళ్లేది దేనికో మిమ్మల్ని మీరు నిజాయితీగా అడగండి. పంట చూడటానికైతే సంక్రాంతికి వెళ్లడమే తప్పు. డెల్టాలో తొలి పంట సార్వా కోతలు నవంబర్, డిసెంబర్ నెలల్లోనే అయిపోతాయి. ధాన్యం ఇంటికి చేరాకే పండుగ. జనవరి మధ్యలో మీకు కనిపించేది గడ్డిమేట్లు, దాళ్వాకు దమ్ము చేస్తున్న మడులు, నాట్లు. 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలువ నీళ్ల చలవే ఈ రెండో పంట. పచ్చగా పండి వంగిన చేను చూడాలంటే కార్తీకం చివర్లో వెళ్లాలి, అప్పుడు గది దొరకడం ఇంత కష్టం కాదు. పిండివంటలు, పల్లె వాతావరణం, పిల్లలకు తాతల ఊరు చూపించడం కావాలంటే ముక్కనుమ నాటికి వెళ్లి రెండు రోజులుంటే చాలు. అందరూ హైదరాబాద్ వైపు తిరిగే సమయంలో మీరు ఎదురు వెళ్తారు, రైలూ ఖాళీ, గదీ ఖాళీ. తెలంగాణలో భోగి, సంక్రాంతులకు సెలవు ఇచ్చి కనుమను ఐచ్ఛిక సెలవుగా ఉంచడం, కంపెనీలు తమ జాబితాలో ఒకటో రెండో రోజులే పెట్టడం వల్ల చాలామంది ఆ రెండు మూడు రోజులకే కట్టుబడి ఉంటారు. ఎలాగూ ఒకటి రెండు రోజులు సొంత సెలవు పెట్టక తప్పనప్పుడు, అవి పండుగకు ముందు పెట్టాలా తర్వాత పెట్టాలా అన్నది మాత్రం మీ చేతిలోనే ఉంది.

డబ్బు పడేస్తే అన్నీ అవే దొరుకుతాయి కదా, ఏదీ వదులుకోవడం దేనికి అనేది జీతాలు బాగా వచ్చేవాళ్ల వాదన. అది కొట్టిపారేయదగ్గది కాదు. ఎక్కువ ఇస్తే గది దొరికే మాట నిజం. కానీ ఆ ధర దేనివల్ల పెరిగిందో చూడాలి. పండుగ మూడు రోజులూ భీమవరం గదుల మీద పడే ఒత్తిడిలో పెద్ద వాటా కోడిపందేల కోసం వచ్చేవాళ్లది, వాటి చుట్టూ జరిగే జూదానిది. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960 నుంచి, ఆంధ్రప్రదేశ్ జూద నిషేధ చట్టం 1974 నుంచి ఉన్నా, హైకోర్టు ఆదేశాలు ఇచ్చినా బరులు వెలుస్తూనే ఉన్నాయి. లక్షలు పందెం కాసేవాడికి గది అద్దె ఎంతైనా లెక్కలోకి రాదు. పిల్లల్ని తీసుకుని ముగ్గులు చూడటానికి వెళ్లే కుటుంబం అతనితో వేలంపాటలో పోటీ పడటంలో అర్థం ఏముంది? మీకు అక్కర్లేని ఆకర్షణకు మీరు అద్దె కడుతున్నారన్నమాట. బరులకు దూరంగా ఉన్న ఊరు ఎంచుకుంటే అదే డబ్బుకు మంచి గది, ప్రశాంతమైన రాత్రి రెండూ వస్తాయి.

గది తరహా విషయానికొస్తే, హోటల్ అన్న ఒక్క మాటను పక్కన పెడితే చాలా తలుపులు కనిపిస్తాయి. వాటిలో ఎవరికీ తట్టనిది కల్యాణ మండపం. సంక్రాంతి మామూలుగా పుష్యమాసంలో వస్తుంది, దానికి ముందంతా ధనుర్మాసం. పెళ్లి ముహూర్తాలు ఉండవు. పెళ్లివారి విడిది కోసం కట్టిన గదులు, బాత్రూములు, వంటశాల అన్నీ తాళం వేసి ఉంటాయి. నలుగురైదుగురు సహోద్యోగుల కుటుంబాలు కలిసి వెళ్లేటప్పుడు మేనేజరుకు ఫోన్ చేసి అడగడంలో పోయేదేమీ లేదు. ఇవ్వనంటే ఇవ్వనంటాడు. కానీ పరుపులు ఎన్ని, వేణ్నీళ్లు ఉన్నాయా, రాత్రి కాపలా ఎవరు అన్నవి ముందే అడిగి తెలుసుకోవాలి. మండపంలో ఉండేది హోటల్ సేవ కాదు, ఖాళీ భవనం. ద్వారకా తిరుమల వంటి క్షేత్రాల్లో దేవస్థానం వసతి గదులు, సత్రాలు ఉన్నాయి. అవి భక్తుల కోసం ఉన్నవని, మాంసం, మద్యం తలపెట్టిన ప్రయాణానికి తగవని వేరే చెప్పనక్కర్లేదు. కనుమకు మాంసం లేకుండా కుదరదనుకునేవాళ్లు ఆ దారి వదిలేయడమే మర్యాద.

చుట్టాల ఇల్లు గురించి చెప్పకుండా ఈ లెక్క పూర్తికాదు, ఎందుకంటే సంక్రాంతి జనంలో చాలామంది పడుకునేది అక్కడే. కొత్త అల్లుడికైతే అసలు గది వెతికే ప్రశ్నే రాదు, వెతికితే మామగారికి అవమానం. మిగతావాళ్లలో, ముఖ్యంగా ఆఫీసు స్నేహితుడి ఊరికి వెళ్లేవాళ్లలో, రెండు రకాల పొరపాట్లు కనిపిస్తాయి. కొందరు ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని ఆ మాటే ఎత్తరు. ఇంకొందరు 'గోదారోళ్లకు మర్యాదలెక్కువ' అని ధీమాగా ఆరుగురితో దిగుతారు. గోదావరి జిల్లాల ఆతిథ్యానికి పేరున్న మాట నిజమే, లంకల గన్నవరంలో వచ్చినవారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మను ఇప్పటికీ తలుచుకుంటారు. కానీ ఆ పేరు మీకు హక్కు ఇవ్వదు. పండుగ వంట చేసేది ఆ ఇంటి ఆడవాళ్లు, ముఖ్యంగా అత్తమ్మ, పిన్ని వరసవాళ్లు. వారం ముందు నుంచే అరిసెల పాకం దగ్గర కూర్చుని అలిసిపోయి ఉంటారు. 'రండి బాబూ, ఇల్లుంది' అని ఇంటాయన ఫోన్లో అన్నంత మాత్రాన గది దొరికినట్టు కాదు. ఎంతమంది, ఎన్ని రాత్రులు, ఏ పూట భోజనానికి ఉంటారు అన్నవి ఇంటావిడకు తెలియాలి. ఒక్క రాత్రికి మించి ఉండాలనుకుంటే పడక వేరే ఊళ్లో, భోజనం వాళ్లింట్లో అని పెట్టుకోవడం ఇద్దరికీ హాయి. వాళ్లకు దుప్పట్లు వెతికే పని తప్పుతుంది, మీకు మొహమాటం తప్పుతుంది. పనివాళ్లకు పండుగ మామూలు ఇవ్వడం, చేతిలో స్వీట్ల డబ్బాతో పాటు ఆ ఇంటి పెద్దవాళ్లకు బట్టలు తీసుకెళ్లడం లాంటివి ఆ ఊరి పద్ధతి ప్రకారం స్నేహితుడినే అడిగి చేయండి.

ఇవన్నీ తేలాక మిగిలేది వరస. ఎక్కువమంది ముందు రైలు టికెట్ తీసి తర్వాత గది వెతుకుతారు, అది తిరగబడాలి. 2024 నవంబర్ 1 నుంచి రైలు రిజర్వేషన్ 120 రోజుల ముందు కాకుండా 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంటే సంక్రాంతి టికెట్లు నవంబర్ మధ్యలో వస్తాయి, వచ్చిన నిమిషాల్లో వెయిటింగ్ లిస్టులోకి వెళ్తాయి. ఏ స్టేషన్‌కు టికెట్ తీయాలో ఆ ఉదయం ఆలోచించే వ్యవధి ఉండదు. కాబట్టి దసరా అయిన వెంటనే గది మాట్లాడుకోండి. యాప్‌లో కాదు, ఫోన్ చేసి, వీలైతే ఆ ఊరివాళ్ల చేత చేయించి. మేనేజర్ సెలవు ఇంకా మంజూరు చేయలేదన్నది ఆగడానికి కారణం కాదు, కొంత బయానా పోయినా పోతుందనే లెక్కతోనే అడగాలి. అడిగేటప్పుడు గది అద్దె ఒక్కటే కాకుండా మూడు రోజులకూ కలిపి ఇస్తారా, దిగిన గంట నుంచి 24 గంటల లెక్కా లేక మధ్యాహ్నం 12కు ఖాళీ చేయాలా, కారు పెట్టే చోటు ఉందా, డ్రైవర్‌కు పడక ఎక్కడ అన్నవి తేల్చుకుని, ఒప్పుకున్నవన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి. డబ్బు పంపేముందు ఆ ఫోన్ నంబర్ నిజంగా ఆ లాడ్జీదేనా అని ఊళ్లో ఎవరినైనా ఒకసారి చూసి రమ్మనండి. దేవస్థానం గదుల పేరుతో, రిసార్టుల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి ముందే యూపీఐలో డబ్బు లాగే మోసాలు ఉన్నాయి, సాంకేతికత తెలిసినవాళ్లూ వాటిలో పడుతున్నారు. పడితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. జనవరి మొదటి వారం వచ్చినా గది తేలకపోతే మాత్రం ఆ ఊరి కోసం ఇంకా వెతకడం మానేసి, ముక్కనుమ మర్నాటి నుంచి రెండు రాత్రులకు అదే లాడ్జీకి ఫోన్ చేయండి. ఈసారి ధర వాళ్లు చెప్పరు, మీరెంత ఇస్తారని అడుగుతారు.